బెంగాలీ మూర్ఛ, తెలుగు మూర్ఛ

మొన్నీమధ్య మా మనవరాలికి టీకా వేయించడానికి కలకత్తా సాల్ట్ లేక్‌లో ఒక క్లినిక్కుకి తోడు వెళ్ళాను. మా అమ్మాయికి ఆఫీసులో మీటింగు, అల్లుడు ఊళ్ళో లేడు, కాబట్టి ఆ భాగ్యం నాకు దక్కింది. మనవరాలి పేరు తిస్తా. ఎనిమిదో తరగతి చదువుతోంది. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ, నేను రాసిన పుస్తకాల మీద నా పేరు తప్ప ఇంకేదీ కూడబలుక్కుని కూడా చదవలేదు. ఆడపిల్లలకి పెద్దయ్యాక గర్భాశయ ముఖద్వారం దగ్గర క్యాన్సర్ రాకుండా ఇప్పుడు ఈ వయసులోనే వేస్తున్న టీకా అది. సూది తీసే ముందు నర్సమ్మ వరసగా ప్రశ్నలు వేసింది. పొద్దున్న ఏమైనా తిందా? సూదంటే భయమా? ఇదివరకు ఎప్పుడైనా ‘ఒగ్గాన్’ అయిందా? ఆ మాట వినగానే నేను పిల్ల సంగతి మరిచిపోయి నర్సమ్మ మొహంలోకి చూస్తూ ఉండిపోయాను. బెంగాలీలో ఒగ్గాన్ అంటే స్పృహ తప్పడం. రాసి చూపిస్తే మన ‘అజ్ఞానం’ మాటే. అక్షరాలన్నీ అవే, పలికే నోరే వేరు.

తిస్తాని మంచం మీద పడుకోబెట్టి సూది వేసి, పావుగంట కదలొద్దని చెప్పారు. అది ఫోనులో తల దూర్చేసింది. ఖాళీగా కూర్చోవడం నాకు చేతకాదు. నర్సమ్మని పట్టుకున్నాను. ఎందుకీ పావుగంట, ఎవరు పడిపోతారు, ఎందుకు పడిపోతారు? ఆవిడ నన్నొక వింత ముసలావిడలా చూసింది గానీ విసుక్కోలేదు. పడిపోయేది మందు వల్ల కాదు మాసీమా, అంది. సూది భయానికో, నొప్పికో గుండె కాసేపు నెమ్మదిస్తుందిట, రక్తం కాళ్ళవైపు దిగిపోతుందిట, తలకి చాలదుట. పడుకోబెడితే దానంతటదే సర్దుకుంటుంది. ఎక్కువగా పడిపోయేది పదేళ్ళు దాటి ఇరవై లోపు పిల్లలు, వాళ్ళలోనూ ఆడపిల్లలు. ఇదివరకు ఓసారి పడిపోయినవాళ్ళు, రక్తం చూస్తే ఆగలేనివాళ్ళు, ఖాళీ కడుపుతో వచ్చినవాళ్ళు, ముందు మనిషి పడిపోవడం కళ్ళారా చూసినవాళ్ళు. స్పృహ తప్పడం కన్నా, నిలబడ్డవాళ్ళు పడి తల పగలగొట్టుకోవడమే అసలు ప్రమాదం. ఒంటి మీద దద్దుర్లు లేచినా, ఊపిరాడకపోయినా మాత్రం అది వేరే సంగతి, దానికి వెంటనే మందు ఇవ్వాలి, అందుకే కళ్ళముందు కూర్చోబెడతాం, అంది. ఆవిడ చెబుతున్నంతసేపూ నాకు ఏక్‌బాల్‌పూర్‌లో మా చిన్నప్పటి సందు కనబడుతూనే ఉంది. పడిపోయేవాళ్ళ లక్షణాలన్నీ ఒక్కచోట పోగుపడ్డ పిల్లని నేను బాగా ఎరుగుదును. ఆ పిల్లని నేనే.

మా అయ్య ఓడరేవు డాక్‌లో బస్తాలు మోసేవాడు. సికాకోళం వైపు సముద్రపు ఊరు మాది. సందులో దాదాపు అందరూ ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళే. పొద్దున్నే ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల పొయ్యి రాజేసేవాళ్ళు. ఆ పొగ సందంతా నిండి, ఎదురింటి వాళ్ళు గొంతుతోనే తెలిసేవాళ్ళు, మొహం కనబడేది కాదు. పొగ తేలాక గోనెసంచుల వాసన, ఎండుచేపల వాసన, కొళాయి దగ్గర జనం తొక్కిన బురద వాసన ఒకదాని తరవాత ఒకటి వచ్చేవి. అయ్య డ్యూటీకి వెళ్ళే వేళకి అమ్మ అతని చద్దన్నం గిన్నెలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ చేత్తో చితక్కొట్టి పక్కన పెట్టేది. అయ్య మాటలాడకుండా తిని, గిన్నె కడిగి, తలపాగా చుట్టుకుని వెళ్ళిపోయేవాడు. రెండు బస్తాలు ఒకేసారి ఎత్తుతాడని అతనికి సందులో పేరు. నన్ను ఒంటిచేత్తో భుజం మీదకి ఎక్కించుకునేవాడు, నేను బాగా పెద్దదాన్నయ్యాక కూడా.

ఇంటికి అసలు యజమానురాలు మాత్రం మామ్మ, అంటే అయ్యకి తల్లి. గుమ్మంలో గొంతుక్కూర్చుని అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అలా ఎలా పీలుస్తుందో నాకు ఈనాటికీ తెలియదు. అప్పట్లో ఒకసారి అడిగితే, “నోరు మూసుకుంతే తెలుత్తాది,” అంది. మామ్మకి బెంగాలీ రాదు. ఇన్నేళ్ళున్నా నేర్చుకోలేదు. అక్కర్లేదని ఆవిడ ఉద్దేశం. సందులో మాట తెలుగు, కొట్లో మాట వేలు చూపించడం, అంతే. ఆవిడ దగ్గర ప్రతిదానికీ ఒక కట్టుబాటు ఉండేది. వాటిలో ఒకటి సూది రోజు ఉపవాసం.

దానికో కారణం ఉంది. ఊళ్ళో మశూచికి టీకాలు వేసే రోజుల్లో, అమ్మవారు ఒంటి మీదకి వచ్చే ముందు ఒళ్ళు శుభ్రంగా, కడుపు ఖాళీగా ఉండాలని వాళ్ళకో నమ్మకం. తలకి పోసుకుని, జడలో వేపరెమ్మ పెట్టుకుని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళి టీకా వేయించుకునేవాళ్ళు. ఆ తరవాత కలకత్తా వచ్చారు, కలరాకీ టైఫాయిడ్‌కీ సూదులు వచ్చాయి. మామ్మకి మాత్రం సూదులన్నీ ఒకటే. సూది ఏదైనా అమ్మవారిదే. సందులో ముసలివాళ్ళందరిదీ అదే మాట. కాబట్టి మా బడికి సూదులవాళ్ళు వస్తున్నారని తెలిసిన రోజున మా సందు ఆడపిల్లలం అందరం తడిజడలతో, వేపరెమ్మలతో, ఖాళీ కడుపులతో బయల్దేరాం. బెంగాలీ పిల్లలు మరమరాలు నముల్తూ వచ్చారు. వాళ్ళని చూసి జాలిపడ్డాం కూడా, పాపం వీళ్ళకి పద్ధతి తెలియదు కదా అని.

బడి పెరట్లో ఎండలో వరస కట్టించారు. చిన్న తరగతుల వాళ్ళకి ముందు వేశారు. వాళ్ళు ఏడ్చారు, కొందరు కరిచారు, ఒక్కడూ పడిపోలేదు. తరవాత మా వంతు. నా ముందు అప్పయ్యమ్మ నిలబడింది. సూది గుచ్చగానే మెల్లిగా నా వైపు తిరిగి, ఏదో చెప్పబోయి, నా కాళ్ళ మీద కుప్పకూలింది. వెనక పిల్లలు కేక పెట్టారు. ఎవరో దాన్ని ఎత్తి నీడలోకి తీసుకెళ్ళారు. నేను చెయ్యి చాపాను. సూది పెద్ద నొప్పేమీ అనిపించలేదు. ఆ తరవాత నోట్లో నీళ్ళూరాయి, చల్లటి చెమట పట్టింది, చెవుల్లో హోరు మొదలైంది. పెరడంతా రంగు వెలిసినట్టు తెల్లబడిపోయింది. పడిపోతున్నానని తెలుస్తూనే ఉంది, ఆపడం మాత్రం నా చేతిలో లేదు. ఇందులో భయంకన్నా నాకు ఆశ్చర్యమే ఎక్కువ గుర్తుంది. నేను లేకుండా నా ఒళ్ళు ఒక పని చేసెయ్యగలదని అంతకు ముందు నాకు తెలియదు.

నా వెనక ఇంకా కొందరు పడ్డారుట. వాళ్ళు తొందరగానే లేచారు, నేను కాస్త ఆలస్యంగా. ఆయాని మా ఇంటికి పంపారు. అమ్మ కొళాయి దగ్గర బిందె పట్టుకుని ఉంది, మామ్మ పక్కన నిలబడి వరస చూస్తోంది. ఆయా వచ్చి అమ్మతో, “తొమార్ మేయే ఒగ్గాన్ హోయే గేఛే,” అంది. నీ కూతురికి స్పృహ తప్పింది అని. మా వైపు ఒగ్గీడమంటే వదిలెయ్యడం. అమ్మ ఇంకా ఆ మాట అర్థం చేసుకోకముందే మామ్మ గుండె బాదుకుంది.

“ఒగ్గీసిందా! నా గుంట పేనం ఒగ్గీసిందా! ఓలమ్మో, బంగారంలాటి గుంట!”

కొళాయి దగ్గరి వాళ్ళందరూ ఏడుపు అందుకున్నారు. అమ్మ బిందె వదిలేసి చెప్పులు లేకుండా పరిగెత్తింది. వెనకాల సందంతా పరిగెత్తింది. వాళ్ళు బడి గేటు తోసుకుని లోపలికి వచ్చేసరికి నేను పెద్ద దిదిమణి, అంటే మా హెడ్మాస్టరమ్మ, గదిలో బల్ల మీద కూర్చుని, పాలల్లో బిస్కట్టు ముంచుకు తింటున్నాను. మామ్మ ముందు నన్ను చెంప మీద ఒక్కటిచ్చి, తరవాత కావలించుకుని ఏడ్చింది. ఎందుకు కొట్టిందో అప్పుడు అర్థం కాలేదు. మనవరాలి కోసం క్లినిక్కులో కూర్చున్నప్పుడు బాగా అర్థమైంది.

కథ అక్కడితో నవ్వులతో అయిపోవలసింది. కానీ పెద్ద దిదిమణి చదువుకున్న మనిషి, మంచి పుస్తకాల బెంగాలీ మాట్లాడేది. మామ్మ భుజం మీద చెయ్యి వేసి, భయపడకండి, పిల్ల కాస్త “మూర్ఛా గియేఛిలో,” అంది. బెంగాలీలో మూర్ఛా అంటే సొమ్మసిల్లడం. మన హరికథల్లో రాణులు మూర్ఛపోవడమూ అదే. కానీ మా సందులో హరికథల భాష ఎవరు మాట్లాడతారు? మా ఇళ్ళల్లో మూర్ఛ అంటే ఒక్కటే, కాళ్ళూ చేతులూ కొట్టుకుని నోట్లోంచి నురగ వచ్చే జబ్బు. దానికి తోడు, పడిపోయినప్పుడు నా వేళ్ళు రెండుసార్లు అదిరాయని అప్పయ్యమ్మ అందరికీ చెప్పింది. ఇంకేముంది, సాయంత్రానికల్లా నాకు మూర్ఛరోగం ఖాయమైపోయింది. నా గుప్పిట్లో తాళంచెవుల గుత్తి పెట్టారు. ఇనుము చేతిలో ఉంటే మళ్ళీ రాదని.

“రేపట్నుంచి గుంట బడికెల్లదు,” అంది మామ్మ అయ్యతో. “దారిలో ట్రాములున్నాయి, లారీలున్నాయి. రోడ్డు మీద మూర్ఛొచ్చి పడిపోతే ఎవులు సూత్తారు?”

“అదీ నిజవేనమ్మా,” అన్నాడు అయ్య.

ఆ తరవాత మామ్మ అమ్మ వైపు తిరిగింది. “మీ పుట్టింటోల్లలో ఎవులికున్నాదే ఈ రోగం?”

“మావోల్లకెవులికీ లేదత్తా.”

“లేదంతే ఎలగొచ్చినాది? మా ఇంటా వంటా లేదు. మీ కాడనుంచే వచ్చుంటాది.”

అమ్మ ఇంకేమీ అనలేదు. ఆమె ఎప్పుడూ అనదు. కానీ ఆ రోజు నుంచీ నన్ను చూసినప్పుడల్లా తనవాళ్ళని ఒక్కొక్కర్నీ తలుచుకుంటున్నట్టు, ఎవరిలో ఉందా అని వెతుక్కుంటున్నట్టు కనబడేది. నాకు నా చదువు పోతోందనే దిగులు. అమ్మకి తన పుట్టిల్లు మొత్తం బోనులో నిలబడ్డ దిగులు. నా దిగులు నేను ఏడ్చి చూపించాను. అమ్మది మాత్రం చాలాకాలం దాకా ఎవరికీ కనబడలేదు, నాక్కూడా.

ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లో నాకు వేరే పని లేదు. తాళంచెవులు గుప్పిట్లో ఆడించుకుంటూ గుమ్మంలో కూర్చుని, బడినుంచి వచ్చే ప్రతి పిల్లనీ ఆపి అడిగేదాన్ని. నువ్వు పడ్డావా? పొద్దున్న ఏం తిన్నావు? పడే ముందు ఏం చూశావు? పడ్డవాళ్ళందరూ మా ఈడువాళ్ళే. ఎక్కువమంది మా సందువాళ్ళే, తిననివాళ్ళే. సరే, కారణం దొరికిందనుకుంటే, శుభ్రంగా తినొచ్చిన ఒక బెంగాలీ పిల్ల కూడా పడిందని తేలింది. అది నన్ను చూసి పడిందిట! నేను అంత చూడదగ్గదాన్నని కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఈ ఆరా తీసే గుణమే తరవాత నాతో పుస్తకాలు రాయించిందని నాకొక అనుమానం.

చివరికి అయ్య పనికి సెలవు పెట్టి, సందు చివర ఉండే డాక్టర్ బాబు దగ్గరికి తీసుకెళ్ళాడు. బెంగాలీ ఆయన, ముసలాయన. మామ్మ, అమ్మ కూడా వచ్చారు. మామ్మ నమ్మకం లేక, అమ్మ నమ్మకం కోసం. అయ్యకి డాక్ బెంగాలీ వచ్చు కాబట్టి తర్జుమా అతనిదే. డాక్టర్ బాబు నన్ను అటూ ఇటూ చూసి, నాలుక చాపమని, కరుచుకున్న గుర్తు లేదని, తేరుకోగానే పేరు చెప్పగలిగానా అని అడిగి, ఇది మృగీ కాదన్నాడు. మృగీ అంటే వాళ్ళ భాషలో మన మూర్ఛరోగం.

“బడిలో పెద్ద దిదిమణే చెప్పారు బాబూ, మూర్ఛ అని,” అన్నాడు అయ్య.

“అవును, మూర్ఛానే. మృగీ కాదు.”

అయ్య బుర్ర గోక్కుని మామ్మ వైపు తిరిగాడు. “మూర్ఛేనంట గానీ, మూర్ఛ కాదంతన్నాడమ్మా.”

“ఆ డాకటేరు బాబుకే ఏదో అయినట్టున్నాది,” అంది మామ్మ.

రెండు భాషల్లోనూ ఆ మాట అటూ ఇటూ చాలాసేపు తిరిగాక గానీ డాక్టర్ బాబుకి చిక్కు తెలియలేదు. తెలిశాక కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. వేళ్ళు అదరడం కూడా కొందరికి మామూలేనని చెప్పాడు. ఎలాగూ రెండో సూది బాకీ ఉంది, రేపు కడుపునిండా తినిపించి తీసుకురండి, ఇక్కడే పడుకోబెట్టి వేస్తాను, మీరే చూద్దురుగాని అన్నాడు. ఒకవేళ పడిపోయినా అది రోగం కాదని కూడా అన్నాడు గానీ, ఆ ముక్క అయ్య తర్జుమా చెయ్యలేదు. చేసినా మామ్మ వినేది కాదు.

“ఏయమను సూత్తాను,” అంది మామ్మ. “ఈపాలి పడిపోనాదంతే మటుకు బడి మాటెత్తకండి.”

సాల్ట్ లేక్ క్లినిక్కులో ఆ మూడు ప్రశ్నలు అడగడానికి నర్సమ్మకి నిమిషం కూడా పట్టలేదు. మా బడి పెరట్లో ఎవరైనా తిన్నారా అని అడిగి, నీడలో కూర్చోబెట్టి వేసి ఉంటే, మా సందు ఏడవక్కర్లేదు, నేను తాళంచెవులు పట్టుకుని కూర్చోనక్కర్లేదు. అలా అని అప్పటివాళ్ళని నేను తప్పుపట్టను. కలరాకి పిల్లలు పిట్టల్లా రాలిపోయిన ఇళ్ళు మా సందులోనే ఉన్నాయి. తొందరగా అందరికీ వేసెయ్యాలన్న ఆత్రం వాళ్ళది. తిస్తా పడిపోయినా ఇప్పుడు ఎవరూ దాని వంశం ఆరా తీసి తల్లిని నిలదియ్యరు. ఆరా తీస్తే అది జాగ్రత్త కోసమే. ఈ తేడా ఎంత పెద్దదో తిస్తాకి చెబుదామనుకున్నాను. అది ఫోనులోంచి తలెత్తి, “అమ్మమ్మా, అయిపోయిందా?” అంది. అంత పెద్ద మార్పు అంత మామూలుగా ఉండడమే మంచిదేమో.

డాక్టర్ బాబు రమ్మన్న ఆ మర్నాడు పొద్దున్న మామ్మ నాకు తలకి పోసి, సూది రోజు ఏదీ ముట్టకూడదని మళ్ళీ చెప్పి, చుట్ట వెలిగించుకోవడానికి వెళ్ళింది. అమ్మ నన్ను బొగ్గుల గూడు వెనక్కి లాక్కెళ్ళింది. కొంగులో దాచిన గిన్నెలో చద్దన్నం, కాల్చిన ఎండుచేప. “బేగి తినీ,” అంది. తను కాపలా నిలబడింది. అమ్మ మామ్మ మాట దాటడం నేను చూడడం అదే మొదలు. ఎండుచేప వాసన దాగేదా? డాక్టర్ బాబు దగ్గరికి నడుస్తున్నప్పుడు మామ్మ నా పక్కకి వచ్చి ఓసారి గట్టిగా ముక్కు ఎగబీల్చింది. తరవాత నన్ను దాటుకుని ముందుకి నడిచింది.

నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. అమ్మ కాళ్ళ దగ్గర, మామ్మ తల దగ్గర, అయ్య గోడకి ఆనుకుని. పడిపోకూడదు, పడిపోకూడదు అని నేను పళ్ళు బిగించాను. డాక్టర్ బాబు సూదిలోకి మందు ఎక్కించి, ఒక చుక్క పైకి చిమ్మి, నా చేతిలో గుచ్చాడు. నేను పైకప్పు చూస్తున్నాను. చెవుల్లో హోరు లేదు, రంగులు వెలవలేదు. నాకేం కాలేదని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో గోడ దగ్గర దభీమని చప్పుడైంది.

అయ్య. రెండు బస్తాలు ఒకేసారి ఎత్తే మా అయ్య, గోడ పొడుగునా జారి, కుర్చీ కోడుకి నుదురు కొట్టుకుని, నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు.

డాక్టర్ బాబు సూది వదిలేసి అటు పరిగెత్తాడు. అయ్య కాళ్ళు ఎత్తి పట్టుకోమని అమ్మకి సైగ చేశాడు. అమ్మ నేల మీద కూర్చుని ఆ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుంది. నుదుటి మీద చిన్న గాయం. నేను పడుకునే ఉన్నాను, నిక్షేపంగా ఉన్నాను. డాక్టర్ బాబు మామ్మ వైపు తిరిగి, ఇతను ఇదివరకు ఇలా పడ్డాడా అని అడిగాడు. తర్జుమా చేసే మనిషి నేల మీద ఉన్నాడు కాబట్టి ఆ పని నేను అందుకున్నాను.

మామ్మ ముందు కొడుకు మొహంలోకి రంగు వస్తోందో లేదో చూసుకుంది. వచ్చాకే నోరు విప్పింది.

“సెవులు కుట్టించిన్నాడు పడిపోనాడు. కాలికి గాజుపెంకు దిగిన్నాడూ పడిపోనాడు. ఆడి బాబూ, అదే మీ తాతా, అంతే. పండక్కి కోడిని కోత్తే ఇటేపుకి వచ్చీవోడు కాడు.”

“మరి మూర్ఛ మా ఇంట లేదన్నావేటి మామ్మా?” అన్నాను. అది తర్జుమా కాదు, నా సొంత ప్రశ్న.

“మగోడు పడిపోతే అలిసిపోనాడంతారు,” అంది మామ్మ. “రోగవని ఎవులంతారే?”

అయ్య కళ్ళు తెరిచి, అందర్నీ చూసి, సిగ్గుపడి మళ్ళీ మూసుకున్నాడు. అమ్మ అతని పాదాలకి అంటిన దుమ్ము తన కొంగుతో తుడుస్తోంది. అత్తగారి ముందు ఏది మాట్లాడినా చివర అడుగుతున్నట్టు సాగదియ్యడం అమ్మకి అలవాటు, వండెయ్యనా అత్తా, వెళ్ళిరానా అత్తా అని. ఆ రోజు తలెత్తకుండా, గొంతు పెంచకుండా ఒక్క మాట అంది.

“రేపు గుంట బడికెల్తాది.”

చివర అత్తా లేదు, అడగడం లేదు. మామ్మ కొడుకు నుదుటి మీద గాయాన్ని బొటనవేలితో ఒత్తిపెట్టి, వాకిలి వైపు మొహం తిప్పుకుంది.

“ఎల్లమను,” అంది. “కడుపునిండా తినీసి ఎల్లమను.”